ఇక్షురోగ మీమాంసకు ముందుమాటలు

మా చోడవరం ప్రాంతపు చెరకు రైతులకు అత్యంత ఉపయోగకరమైన గ్రంథమొకటి వెలువడిందనీ, దానిని ఇంతవరకు ఎవరూ చదవలేదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ రెండో విషయంలో నా కృషి ఏమీ లేదు. అది పూర్తిగా పెద్దల సహకారంతో జరిగింది.

గ్రంథకర్తను నేనే. మా వంశంలో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటివాడినీ, బి.ఎ. ప్యాసైన మొదటివాడినీ కూడా నేనే. మా ఊళ్ళో బి.ఎ. ప్యాసైనవాడికి రెండే పనులు. ఉద్యోగం కోసం ఎదురుచూడడం ఒకటి, ఎవరికైనా టెలిగ్రాం వస్తే చదివిపెట్టడం రెండోది. టెలిగ్రాములు తరచుగా రావు కనుక నాకు తీరిక చిక్కింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు మా చుట్టుపక్కల చెరకు తోటలకు ఎర్రకుళ్ళు తెగులు పట్టింది. గడ చీలిస్తే లోపల ఎర్రటి చార, నడుమ తెల్లటి మచ్చలు, పులిసిన కల్లు వాసన. అలాంటి గడను ముచ్చెలు, అంటే విత్తనపు ముక్కలు, కొట్టి నాటితే వచ్చే ఏడు తోట తోటంతా ఎండిపోతుంది. అనకాపల్లి వెళ్ళి చెరకు తెగుళ్ళ గురించి తెలిసినవారిని అడిగాను. వారు చెప్పిన ఉపాయం చాలా చిన్నది. నాటే ముందు గడ చీల్చి చూడాలి. ఎర్ర చార కనబడితే ఆ తోట గడ విత్తనానికి వాడకూడదు, కాల్చేయాలి. అంతే.

ఈ సంగతి మొదట మా అచ్చియ్యమ్మ అత్తకు చెప్పాను. ఆమె మా నాన్నకు అక్క. మామయ్య పోయాక, కె.కోటపాడు దారిలో ఉన్న ఎకరంన్నర చెరకే ఆమెకు దిక్కు. కాలేజీలో నా ఫీజు కట్టింది కూడా ఆ చెరకే. ఆ తోటలో గడ చీల్చి ఎర్ర చార నా కళ్ళతో చూసి వచ్చాను.

"ఎవలు సెప్పేరు?" అంది అత్త.

"నేనే చెబుతన్నానత్తా."

"నువ్వు సెప్తే అయిపోద్దేటి? మొన్నమొన్నటి దాకా సీమిడి తుడుసుకోడం రానోడివి. పుస్తకంలో ఉందా?"

"తెలుగులో పుస్తకం లేదు."

"లేకపోతే రాయి. నీకంత సదువు సెప్పించింది దేనికి? అచ్చులో వస్తే అప్పుడు సూద్దాం. నాట్లు మాఘం వెళ్ళేకే కదా."

న్యాయమైన మాట. మా వైపు నోటిమాటకు విలువ లేదు, అచ్చుపడిన మాటకు తిరుగులేదు. భాద్రపదంలో మొదలుపెట్టి దీపావళికి పూర్తి చేశాను. పేరు 'చెరకు ఎర్రకుళ్ళు: ఏం చేయాలి?' అని పెట్టాను. పదహారు పేజీలు. అక్షరాలు వచ్చిన రైతు బండి తోలుతూ చదివేయవచ్చు.

భాష చూసిపెట్టమని, హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గణపతిరావు పంతులుగారికి ఇచ్చాను. వైద్యుడు ఆశలేని రోగిని చూసినట్టు ఆయన నా వ్రాతప్రతిని చూశారు.

"ఏమిటోయ్ ఇది? సంతలో వంకాయల బేరంలా ఉంది!" అన్నారు.

ఆయన ఎంతో శ్రమపడి పుస్తకాన్ని గ్రంథం చేశారు. పేరు 'ఇక్షురోగ మీమాంస' అయింది. 'గడ చీల్చి చూడండి' అన్నది 'ఇక్షుదండమును విదళించి నిరీక్షింపవలెను' అయింది. 'కాల్చేయండి' అన్నది 'అగ్నిదేవున కర్పింపనగును' అయింది. రైతులకు అర్థమవుతుందా అని వినయంగా అడిగాను.

"అర్థమైపోతే ఇంక గౌరవం ఏముంటుందోయ్?" అన్నారు.

కాగితం ఖర్చు పెట్టుకుంటానని పంచాయతీ ప్రెసిడెంటు బంగార్రాజుగారు ముందుకు వచ్చారు. మా ప్రాంతంలో అందరికంటె పెద్ద చెరకు తోట వారిదే. ముందుమాట కూడా తానే రాస్తానన్నారు.

"ముందుమాట లేకుండా పుస్తకమేటి బాబూ? గడప లేని ఇల్లులాగ!"

వ్రాతప్రతి ఇమ్మంటారా అని అడిగాను.

"వద్దు బాబూ. సదివితే అభిప్రాయం మారిపోద్దేమో. ఇప్పుడు మంచి అభిప్రాయం ఉంది, రాసేస్తాను."

రాశారు. 'ప్రతి రైతూ కంఠస్థం చేసి, కడుపున పుట్టిన బిడ్డల చేత వల్లె వేయించదగిన గ్రంథం' అన్నారు. తమ చిన్ననాటి ఈత, తమ ఎడ్లు పందెంలో గెలవడం, తమ విశాఖపట్నం ప్రయాణం మొదలైన అంశాలు కూడా అందులో చోటు చేసుకున్నాయి.

ఒకరి ముందుమాట వేసి ఇంకొకరిది వేయకపోతే ఊళ్ళో తిరగలేం. రైసుమిల్లు యజమాని 'ఆశీస్సులు' ఇచ్చారు. దేవరాపల్లి మునసబుగారు 'తొలిపలుకు' పంపారు. అందరికంటె ముందుండవలసిన తన పలుకు వెనకబడిందని తెలిసి మా ఊరి డాక్టరుగారు అలిగితే, ఆయన కోసం 'తొలిపలుకుకు ముందు' అనే కొత్త శీర్షిక కల్పించాం. బంగార్రాజుగారి వంశాన్ని వర్ణిస్తూ పంతులుగారు పద్యాలు చెప్పారు. ఆ వంశంలో ఎవరికీ ఏ తెగులూ సోకలేదని వాటి వల్ల తెలిసింది.

మార్గశిరం వెళ్ళింది. పుష్యం వెళ్ళింది. అత్త సంతకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి అడిగేది.

"అచ్చయిందేటిరా?"

"ఇంకొక ఆశీస్సు రావాలత్తా."

"ఆశీస్సు కాదనకూడదు. ఇత్తనానికని ఒక పక్క తోట నరక్కుండా ఉంచేను. పుస్తకం ఏటంటే అదే సేస్తాను."

అనకాపల్లిలో దేవకుమార్‌గారి ప్రెస్సు ఉంది. శుభలేఖలకూ, ప్రార్థనకూటాల కరపత్రాలకూ పేరుపొందింది. అట్ట మీద వేయడానికి చెరకు బొమ్మ బ్లాకు ఆయన దగ్గర లేదు. శుభలేఖల మీద వేసే పూర్ణకుంభం ఉంది. "ఏదైనా మంగళకరమే కదండి" అని అదే వేశారు. అసలు చిక్కు లెక్క కట్టాక వచ్చింది. ఇచ్చిన కాగితం పెద్దల పలుకులకే సరిపోయేలా ఉంది.

సంగతి బంగార్రాజుగారికి విన్నవించాను. ఆయన కాగితాలన్నీ బొటనవేలితో గలగల తిరగేశారు.

"పెద్దల మాట ఒక్క అక్షరం తియ్యకూడదు బాబూ. ఇదిగో, ఈ మధ్యలో ఏదో ఉంది సూడు. అది కుదించీ."

ఆ మధ్యలో ఉన్నది నా పుస్తకం. కుదించాను. చీమతలకాయంత అక్షరాలతో నాలుగు పేజీలు మిగిలాయి.

మాఘం చివర ఆవిష్కరణ మహోత్సవం జరిగింది. సన్నాయి వచ్చింది. బంగార్రాజుగారు ప్రసంగిస్తూ, "ఈ గుంటడు మన ఊరికి వన్నె తెచ్చేడు. ఇంత లావు పుస్తకం నేనింతవరకు ఎత్తలేదు!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. ప్రతి పెద్దమనిషీ తన పేరున్న పేజీ వెతుక్కుని, చూసుకుని, పక్కవారికి చూపించి, పుస్తకం మూసేశారు. పంచాయతీ లైబ్రరీకి ఇచ్చిన ప్రతిని, జనం ముట్టుకుంటే నలిగిపోతుందని అలమరలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి కూడా నలగకుండా ప్రెసిడెంటుగారి ఇంట్లో ఉంచారు.

మొదటి ప్రతి నేనే తీసుకెళ్ళి అత్త చేతుల్లో పెట్టాను. ఆమె కళ్ళకద్దుకుంది. నాలుగు మూలలా పసుపు పూసి దేవుడి గూట్లో పెట్టింది.

"చదివి వినిపిస్తానత్తా, ఇలా ఇయ్యి."

కాళ్ళు కడుక్కుని వస్తే గానీ ఇవ్వనంది. కడుక్కుని వచ్చాను. అసలు విషయం ఉన్న పేజీ వెతికి చదివాను.

"ఇక్షుదండమును విదళించి నిరీక్షింపవలెను. రక్తరేఖ గోచరించినయెడల అగ్నిదేవున కర్పింపనగును."

ముగిసేదాకా అత్త చేతులు జోడించుకునే ఉంది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఎంత బాగుందిరా! మంత్రంలాగుంది."

"అంటే గడ చీల్చి చూడమనత్తా. ఎర్ర చార ఉంటే నాటొద్దు, కాల్చేయమని."

"ఒరే దాసూ, తప్పురా. మద్దిలో నీ మాటలు కలపకు. పుస్తకంలో ఉన్నది సదువు సాలు."

"అదే అందులో ఉందత్తా!"

"నేను ఇన్నాను కదరా. సీలడం లేదు, కాల్సడం లేదు. దేవుడి పేరుంది."

మర్నాడే మంచిరోజు. గూట్లోంచి పుస్తకాన్ని చేటలో పెట్టుకుని తోటకు తీసుకెళ్ళి, చేను గట్టున కొబ్బరికాయ కొట్టించి, విత్తనానికని ఉంచిన ఆ గడలే ముచ్చెలు కొట్టించి నాటించింది. ఒక్క గడైనా చీల్చి చూపిద్దామని కత్తి తీశాను. శుభమా అని నాట్లేస్తుంటే చీల్చడమేమిటని కూలీలు నా చేతిలో కత్తి లాగేసుకున్నారు. చేటలో పుస్తకం మాత్రం మూసే ఉంది. ఎండ తగలకుండా దాని మీద కొత్త తువ్వాలు కప్పారు.

వర్షాకాలం వెళ్ళేసరికి అత్త తోటలో సగం ఎండిపోయింది. ఆ ఏడు గానుగ దగ్గర బెల్లం గట్టిపడలేదు. ఆమెకు ముఖం ఎలా చూపించాలా అనుకుంటూ వెళ్ళాను.

"ఏడవకురా," అంది అత్తే. "పుస్తకం ఇంట్లో ఉండబట్టి సగమేనా దక్కింది. లేనోళ్ళకి మొత్తం పోయింది. సూడు, బంగార్రాజుగారికి ఏటీ మిగల్లేదట. ఆయన తన పుస్తకాలన్నీ పట్నంలో ఆఫీసర్లకి పంచేసేరట కదా!"

గణాంకాలు కూడా ఆమె వాదాన్నే బలపరిచాయి.

ఆ వారమే బంగార్రాజుగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి వసారాలో చీల్చిన గడ పట్టుకుని కూర్చున్నారు. లోపల ఎర్రటి చార, నడుమ తెల్లటి మచ్చలు.

"సూసేవా బాబూ? ఇదేం తెగులో ఎవలికీ తెలీదు. మీలాటి సదువుకున్నోళ్ళు ఊళ్ళో ఉండి ఏటి లాభం? దీని మీద ఎవరేనా ఒక పుస్తకం రాయకూడదా?"

"రాయవచ్చండి," అన్నాను.

"రాయి. ముందుమాట నేను సూసుకుంటాను."

అన్నమాట నిలబెట్టుకున్నారు. ముందుమాట రెండో రోజే వచ్చింది. ఇదివరకటి గ్రంథం కంటె ఇది మరింత ఉపయోగకరమని అందులో రాశారు. రైసుమిల్లు నుంచి ఆశీస్సులు కూడా అందాయి. పుస్తకం ఇంకా మొదలుపెట్టలేదు. పాఠక మహాశయులు తమ తమ అభిప్రాయాలను ఈలోగా పంపగోరుతాను. చదవకుండా ఎలా రాయడమని మీరు సందేహించరని నాకు తెలుసు.