న్యూట్రల్ ఇన్స్పెక్టరు

డీజిల్ లారీని స్టార్టు చేయడం ఎవరికైనా చేతనవును. దాన్ని స్టార్టు కాకుండా కాపాడటానికే నాగరికత కావాలి. పోదనూరు పక్కనున్న ఒక నూలు మిల్లు ఆ నాగరికతను దేశంలో అందరికంటే ముందు అందుకుంది.

ఒక పొద్దున మిల్లు లారీ డ్రైవరు నల్లసామి గేరు చూసుకోకుండా సెల్ఫు బటను నొక్కాడు. చేతి బ్రేకు కూడా వేసి లేదు. లారీ ఒక్క గెంతు గెంతి టైమాఫీసు గోడను పడగొట్టింది. లోపలి గుమాస్తాలకు దెబ్బ తగల్లేదు (పని వేళ దాటినా ఇంకా ఎవరూ రాలేదు). యాజమాన్యం చలించిపోయి, గోడ కట్టడానికి ముందే ఇంజను భద్రతా విభాగం కట్టింది. దాని అధికారి దొరైసామి ఎన్నడూ లారీ నడపలేదు గాని, చాలా లారీలను అనుమానంగా చూసిన అనుభవం ఉంది.

ఆయన నియమాల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముందు ఆయిల్ చూడాలి, రేడియేటరు నీళ్ళు చూడాలి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఏ డ్రైవరైనా బీడీ కాల్చేలోపు ముగించే పనులే. కానీ ఒక్కడే అన్నీ చూస్తే ఒక్కడే అన్నీ మరిచిపోగలడు గదా. అందుకని పనికొక ఇన్స్పెక్టరు వచ్చాడు. ఆయిల్ చూసిన కాసేపటికి ఆ చూపు చెల్లదని ఇంకొక నియమం. దాన్ని మళ్ళీ చూసేసరికి నీళ్ళ చూపు పాతబడేది. లారీ షెడ్డు దాటలేదు. పత్తి బేళ్ళు అన్నూరు నుంచి ఎద్దుబండ్ల మీద వచ్చేవి (ఎద్దులకు గేర్లు లేవు గనుక అవి విభాగం కిందికి రావు).

నల్లసామి ఉద్యోగం పోతుందనుకున్నారంతా. పోలేదు. న్యూట్రల్ విలువ అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదని, అతన్నే న్యూట్రల్ ఇన్స్పెక్టరును చేశారు. గేరు రాడ్డును అటూ ఇటూ ఊపి, ‘న్యూట్రల్’ అని గట్టిగా చెప్పి దిగడమే పని. ఖాకీ చొక్కా మాసేది కాదు. ఆ ఉద్యోగం అతనికి బాగా నచ్చింది.

అతని భార్య పాంచాలి అదే మిల్లులో పత్తి ఏకే కార్డింగు మిషను మీద పని చేసేది.

“మా మిషను మూత విరిగి రొంబ నాళ్ళాయె. మీ సారును వచ్చి చూడమను” అంది ఒకసారి.

నల్లసామి చెప్పాడు.

“దాంట్లో ఇంజనుండాదా?” అన్నాడు దొరైసామి.

“లేదు సార్. కరెంటు మోటారు.”

“అట్లయితే నా కిందికి రాదు.”

ఒక మధ్యాహ్నం ఆ మిషను పాంచాలి కుడి చేతిని లాక్కుంది. పక్క మిషను కాంతమ్మాళ్ షెడ్డుకు పరుగెత్తి వచ్చింది.

“అణ్ణా, పాంచాలి చెయ్యి మిషన్లో పడె. రగతం నిల్లేదు. శీఘ్రం బండి ఎత్తు, ఆసుపత్రికి పోవాల.”

నల్లసామి ఒక్క దూకులో ఎక్కి కూర్చున్నాడు. ఇన్స్పెక్టర్లు కూడా (చెప్పుకోవాలి మరి) పరుగునే వచ్చారు. ఆయిల్ సరిగ్గా ఉంది. నీళ్ళు సరిగ్గా ఉన్నాయి. బెల్టు ఇన్స్పెక్టరు అయ్యసామి మాత్రం రైల్వే కాలనీలోని ఇంటికి భోజనానికి పోయాడు.

“నేనే చూస్తిని సార్. బెల్టు బిగువుగానే ఉండాది.”

“నువ్వు న్యూట్రల్, నల్లసామీ” అన్నాడు దొరైసామి. గొంతులో కోపం లేదు. “నీ పెండ్లాం గనకనే చెప్తా ఉండా. దోవలో బెల్టు తెగి, ఇంజను వేడెక్కి నిలిచిపోతే ఆయమ్మ గతి ఏంటి?”

నల్లసామి వేలు సెల్ఫు మీదే ఉంది. కూలిన గోడ కళ్ళ ముందు మెదిలింది. వేలు తీసేశాడు.

ఈలోగా కాంతమ్మాళ్ బేళ్ళు దించిన ఎద్దుబండిని మళ్ళించింది. నల్లసామి చొక్కా విప్పి భార్య చేతికి చుట్టి, ఆసుపత్రి దాకా ఆ చేతిని ఎత్తి పట్టుకున్నాడు.

“లారీ ఏమాయె?” అంది పాంచాలి.

“బెల్టు చూడాల.”



చెయ్యి దక్కింది, వేళ్ళు దక్కలేదు. “ఇంకాస్త ముందు తెచ్చుంటే” అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు.

ఆ ఏడు ఆయుధ పూజకు, విభాగం వచ్చాక ఒక్క ప్రమాదమూ చేయని వాహనంగా లారీకి సన్మానం జరిగింది. బొట్టు పాంచాలి చేత పెట్టిద్దామన్నాడు దొరైసామి, జాలితో. ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బొట్టు కుడి చేతి ఉంగరపు వేలితోనే పెట్టాలన్నాడు పూజారి. రూలు రూలే గనుక, వేళ్ళున్న ఇంకొక ఆవిడను పిలిచారు.