కాదని రాసిన కారు

ఆ ఉదయం హెడ్ కానిస్టేబుల్ పథకంలో చిక్కేమీ లేదు. ఏడింటికి బూడిద రంగు కారు తీయాలి, బైపాస్ ఎక్కాలి, పన్నెండులోగా వేగం హద్దు మీరి పోయే బండిని ఒక్కదాన్నైనా పట్టుకోవాలి. పట్టకపోతే కారు పక్క ఊరి స్టేషనుకు పోతుంది, అతను రికార్డు గదికి పోతాడు. అక్కడ పదకొండేళ్లు కాగితాల కట్టలకు దారం కట్టాడు. స్టీరింగు పట్టి నెల.

కారు గంటకు రెండువందల నలభై పోగలదు. ఒంటిమీద పోలీసు గుర్తు లేదు, నెత్తిన దీపం లేదు. కారుకు మఫ్టీ వేశారని స్టేషనులో అనుకునేవారు.

అతని భార్య షాపులకు బోర్డులు రాస్తుంది. ముందురోజు సాయంత్రం అడిగింది.

"వీధి వీధంతా ఆ కారు ఎవరిదని అడుగుతోంది. ఏం చెప్పను?"

"పోలీసు కారు కాదని చెప్పు."

"అందరికీనా? నోరు నొప్పెడుతుంది."

"అందరికీ చెప్పాల్సిందే. ఒక్కడికి తెలిసినా నేను మళ్లీ ఆ దారం పట్టుకోవాలి."

ఆమె కాసేపు ఆలోచించి రంగు డబ్బా మూత తీసింది.

తెల్లారేసరికి పొగమంచు దిగింది. రోడ్డు పది గజాల చొప్పున కనిపిస్తూ, వెనక మూసుకుపోతూ ఉంది. పక్క సీట్లో ఉన్న కానిస్టేబులమ్మ ఒళ్లో వేగం కొలిచే యంత్రం. దాని కన్ను వెనక అద్దంలోంచి చూస్తుంది. స్టేషనులో ఆమె పేరు రాడార్.

హెడ్డు అరవై మీద పోతున్నాడు. వెనక రెండు దీపాలు వచ్చాయి. దగ్గరికొచ్చి నెమ్మదించాయి.

"అరవై," అంది రాడార్.

వాటి వెనక ఇంకో రెండు. అవీ అరవై. గంటలో దీపాలు వరుస కట్టాయి. చప్పుడు లేదు, హారన్ లేదు. మంచులో తేలుతూ వస్తున్నట్టున్నాయి.

"దాటిపోరేం వీళ్లు?"

"మీ డ్రైవింగు నచ్చిందేమో అన్నా."

అతను నలభైకి తగ్గించాడు. దీపాలు నలభైకి తగ్గాయి. ఇరవై అంటే ఇరవై. బైపాస్ చివరికి పోయి వెనక్కి తిరిగితే, వరుసా తిరిగింది.

"దిగి నడుద్దామా?" అంది రాడార్.

అంతలో ఒక ముసలాయన సైకిలు మీద కిటికీ పక్కకొచ్చి లోపలికి తొంగి చూశాడు. "పెళ్లికొడుకేడీ బాబూ?" అని అడిగి ముందుకు పోయాడు.

"ఇరవై రెండు. కేసు రాయమంటారా?" అంది రాడార్.

హెడ్డు అద్దంలో వరుసను చూశాడు. రికార్డు గదిలో మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడల్లా అతనికి ఇదే కల వచ్చేది. తను ముందు, లోకమంతా వెనక. కలలో మాత్రం ఎవడో ఒకడు పారిపోయేవాడు.

పదకొండూ ముప్పావుకు మంచు విడింది. వరుసలోంచి తెల్లకారు ఒకటి పక్కకొచ్చి దాటిపోయింది.

"నూట ముప్పై నాలుగు," అంది రాడార్, నిటారుగా కూర్చుంటూ.

హెడ్డు కాలు నొక్కాడు. కారు నేల మరిచిపోయింది. రెండు నిమిషాల్లో తెల్లకారు ముందు అడ్డంగా ఆగింది.

దిగినాయన జిల్లా అధికారి. బూడిద కారును ఉంచాలా పంపాలా అని తేల్చే మీటింగుకు సొంత బండిలో పోతున్నాడు. ఆ కారు కొనమని సంతకం పెట్టింది ఆయనే. రహస్యం కాబట్టి ఫొటో తనకు కూడా చూపించొద్దన్నాడు.

హెడ్డు సెల్యూట్ కొట్టాడు. చెయ్యి దిగలేదు.

"ఇది మన కారా?" అన్నాడు అధికారి. కారు చుట్టూ తిరిగొచ్చి వెనక అద్దం చూపించాడు. "మరి ఇదేంటయ్యా?"

అద్దం కింద అరచేయంత అక్షరాలు. వంకర లేదు, మరక లేదు. "ఇది పోలీసు కారు కాదు."

"మా ఆవిడ రాతండి. అందరికీ చెప్పమన్నాను."

వరుస మొత్తం వచ్చి వెనక ఆగింది. బస్సు, పాలవ్యాను, పన్నెండు కార్లు. ఎవరూ దిగలేదు.

"వీళ్లూ చదివారా?"

"చదివే ఆగారు సార్," అంది రాడార్, కేసు పుస్తకం తెరుస్తూ. "తమరు చదవలేదా?"

"చదివానమ్మా. కాదని రాసి ఉంది కదా."

పన్నెండుకు అయిదు నిమిషాలుంది. ఆయన గడియారం చూసుకుని, కేసు మీద సంతకం పెట్టి, కారు ఇక్కడే ఉంటుందన్నాడు. హెడ్డు చెయ్యి అప్పుడు దిగింది.

ఆ పూట బైపాస్ మీద పోలీసు మాట నమ్మినవాడు ఆయనొక్కడే.