జట్కా ఎక్కిన గులాబీ

ఆ బుధవారం పొద్దున దస్తగీర్ పెట్టుకున్న పనులు మూడే. చాయ్ తాగడం, గులాబీకి నీళ్లు పోయడం, దఫ్తరుకు పోవడం. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి. నిజానికి రెండోది మరీ సవ్యంగా జరగడమే కొంప ముంచింది.

హుకుం ఇచ్చినవాళ్లే రద్దు చేయాలి, అప్పటిదాకా అమలు చేయాలి అన్నది పద్దెనిమిదేళ్ల సర్కారు గుమాస్తాగిరీలో దస్తగీర్ నేర్చుకున్న ఏకైక నీతి. మే నెల ఎండల్లో భార్య షౌకత్ బీ చెల్లెలి కాన్పుకని బీదరు పోతూ, "పొద్దుగాల రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు. మరువద్దు జీ" అని కుండీ చూపించి రైలెక్కింది. జూన్‌లో వానలు దిగాయి. జూలైలో ముసురు పట్టింది. కొత్త హుకుం రాలేదు కనుక దస్తగీర్ ఒక చేత గొడుగు, ఒక చేత చెంబు పట్టుకుని, కురిసే వానలో నిలబడి రెండు పూటలా చెట్టుకు నీళ్లు పోస్తూ వచ్చాడు. ఆకుల మీద నల్లమచ్చలు చూడకపోలేదు. మచ్చల సంగతి హుకుంలో లేదు.

ఆ పొద్దున చెంబు వంచగానే మిగిలిన నాలుగాకులూ రాలిపడ్డాయి. సరిగ్గా అప్పుడే తపాలా మనిషి కార్డు ఇచ్చిపోయాడు. షౌకత్ బీ రేపు పొద్దున బండికి దిగుతోంది.

ఆ గులాబీని అత్తగారు తన చేత్తో అంటుకట్టి, నిఖా నాడు బిడ్డతో పాటు పంపింది. మరుసటేడే కన్నుమూసింది. పరదా దాటని మనిషి, ఒక్క ఫొటో అయినా లేదు. షౌకత్ బీకి తల్లి గుర్తంటే ఈ కుండీ ఒక్కటే.

బేగంబజార్‌లో మొక్కలమ్మే మొగులయ్య అయితే ఏమైనా చేయగలడు. కానీ ముసురు పడితే అతని మోకాళ్లు గడప దాటవు. కుండీనే అతని దగ్గరకు తీసుకుపోవాలి. దస్తగీర్ దబీర్‌పురా స్టేషను దగ్గర ఉన్న ఒకే ఒక్క జట్కాను పిలిచాడు.

"సామాను అయితె ఎక్కియ్య సాబ్," అన్నాడు జట్కా రాజన్న. "పరుపు కొత్తది, పరదాలు కొత్తయి. బురదైతది. జనానా ఉంటే చెప్పు, గీ వానల కూడ వస్త."

"జనానానే," అన్నాడు దస్తగీర్. పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి అబద్ధం కావడంతో గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆడవాళ్లు ఎక్కుతుంటే జట్కావాలా వెనక్కి చూడకూడదు. ఇంటి ముందు బండి ఆపి, రాజన్న మర్యాదగా గుర్రం చెవులకేసి చూస్తూ కూర్చున్నాడు. దస్తగీర్ కుండీకి భార్య పాత బుర్ఖా కప్పి, రెండు చేతులా పొదివి పట్టుకుని, రొప్పుతూ తెచ్చి పరదా వెనక దించాడు. బండి ఒక పక్కకు ఒరిగింది.

"బేగంసాబ్‌కు నిండు నెలలా?" అన్నాడు రాజన్న, గుర్రంతో అన్నట్టుగా.

దస్తగీర్ దగ్గాడు. రాజన్న దాన్ని అవుననుకున్నాడు.

"మెల్లగ అన్నా, కుదుపులు తట్టుకోదు."

"నువ్వు ఫికర్ చెయ్యకు. పువ్వు లెక్క తీస్కపోత."

నయాపూల్ దాటేసరికి మూసీ ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. ఉస్మాన్‌గంజ్ సందులో మోకాటిలోతు నీళ్లు. చక్రం గుంతలో కూరుకుపోయింది. రాజన్న సీటు మీద లేచి నిలబడి కేకేశాడు. "లోపల నిండు మనిషి ఉన్నది! జర చెయ్యేయుండ్రి!"

బస్తాలు మోసే హమాలీలు ఎనిమిది మంది వీపు మీద బరువులు అక్కడే దించి వచ్చారు. మొహాలు పక్కకు తిప్పుకుని, జట్కాను చక్రాలతో సహా ఎత్తి, బెల్లం వ్యాపారి వైకుంఠం గారి అరుగు పక్కన దించారు. అంత మర్యాదకు దస్తగీర్‌కు కళ్లు చెమర్చాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా వైకుంఠం భార్య లలితమ్మ వేడి పాల గ్లాసుతో వచ్చేసింది.

"లోపలికియ్యి అన్నా. మిరియాలేసిన. పానం నిలుస్తది."

దస్తగీర్ తల పరదాలో దూర్చి, గులాబీ ముళ్ల మధ్యే, నాలుక కాలుతుండగా పాలన్నీ తనే తాగి ఖాళీ గ్లాసు బయటికిచ్చాడు.

"మంచిగ తాగింది!" అని లలితమ్మ సంబరపడి ఇంకో గ్లాసు తెచ్చింది. అదీ తాగాడు. మూడోది తెచ్చేసరికి అతని మొహం చూసి ఆమెకే భయం వేసింది. "ఏందన్నా, గట్ల చెమటలు పడుతున్నయి? నొప్పులు మొదలైనయా ఏంది? ఎవరన్న సుందరమ్మను పిలువుండ్రి!"

కాన్పులు చేసే సుందరమ్మ పక్క సందులోనే ఉంటుంది. దస్తగీర్ "వద్దు, వద్దు" అంటుండగానే ఆమె సంచీతో వచ్చి, అతన్ని అవతలికి నెట్టి, "మొగోళ్లకు ఏం తెలుస్తది" అని పరదాలోకి దూరింది.

"అమ్మో!" అని కేక వినిపించింది. ముల్లు గుచ్చుకున్న సుందరమ్మది.

"నొప్పులే," అంది లలితమ్మ.

తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. ఉన్నట్టుండి జట్కా కిందినుంచి బొళబొళమని నీళ్లు కారాయి.

"ఉమ్మనీరు!" అని లలితమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. హమాలీలు పొయ్యిలోకి కట్టెలు మోశారు. వైకుంఠం తూకం ఆపి, తక్కెడ వదిలి చేతులు జోడించాడు. రాజన్న తన కొత్త పరుపు గతి ఏమైందని ఒక్క మాట అనలేదు, గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. దస్తగీర్ అరుగు మీద కూలబడి ఏడ్చాడు. అది నాటకం కాదు. చెట్టు పోతే షౌకత్ బీకి తల్లి రెండోసారి పోయినట్టే అన్న దుఃఖం అది. అతన్ని చూసి ఇద్దరు హమాలీలు కూడా కళ్లు తుడుచుకున్నారు.

సుందరమ్మ పరదా తొలగించుకుని దిగింది. మోచేతుల దాకా బురద.

"బతుకుతది," అంది. "అడుగు బొక్క పూడిపోయి, వేర్లు నీళ్లల్ల నానుతున్నయి. పొడిచి ఒలకబోసిన. కుళ్లిన కొమ్మలు కోసిన. ఇగ వానకాలం పోయేదాక చూరు కింద పెట్టాలె, పైమన్ను ఎండితేనే చెంబెత్తాలె. మా ఇంట్ల పన్నెండు గులాబీలున్నయి, నాకెరుకే. మిగిలింది నువ్వు చెప్పు కొడుకా, వీళ్లకు."

దస్తగీర్ లేచి, తల దించుకుని మొత్తం చెప్పాడు. గొడుగూ చెంబూ, అబద్ధం, పాలు, అన్నీ. వేడి నీళ్ల గుండిగ మోసుకొచ్చిన లలితమ్మ దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"జనానా అంటివి గద సాబ్," అన్నాడు రాజన్న.

"తప్పు నాదే అన్నా. మా అత్తమ్మ యాదికి గిదొక్కటే ఉన్నది. రేపు నా భార్యకు ముఖం ఎట్ల చూపియ్యాలెనని..."

లలితమ్మ గుండిగ దించి లోపలికి పోయింది. తలుపేసుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె పొడి ఇసుక బుట్టతో తిరిగి వచ్చింది. "మా అమ్మది నాకు కుంకుమబరిణె ఉన్నది," అని ఊరుకుని, ఇసుక తనే కుండీలో పోసింది. పరుపు ఇంకా తడవకుండా హమాలీలు గోనెసంచులు పరిచారు. తనవాళ్లు కానివాళ్లు ఇంతమంది తన చెట్టు కోసం వానలో నిలబడ్డారని దస్తగీర్ ఒక్కొక్కరికీ తల వంచి సలాం చేశాడు. ఇక మొగులయ్యతో పని లేదు కనుక రాజన్న జట్కాను ఇంటివైపు తిప్పాడు.

మర్నాడు షౌకత్ బీ వచ్చి, చూరు కింద మూడు మొండి పుల్లలు చూసి ఆగిపోయింది. దస్తగీర్ ఏదీ దాచలేదు. ఆమె కోసిన చోట్లను వేలితో తడిమింది.

"ముసురు పడితే మా అమ్మీ గిట్లనే కోస్తుండె. నాకే చెయ్యి రాకపోయేది," అంది. తర్వాత చాలాసేపు కొంగు మొహం మీదినుంచి తియ్యలేదు. "గంతమందికి నేనొచ్చి షుక్రియా చెప్పాలె జీ. మొదటి పువ్వు వాళ్లదే."

మొదటి పువ్వు సెప్టెంబరులో పూసింది. రాజన్న జట్కానే వచ్చింది. షౌకత్ బీ పువ్వు పట్టుకుని పరదా వెనక కూర్చుంది. ఉస్మాన్‌గంజ్ సందులో ఈసారి ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. హమాలీలు బస్తాలతోనే చుట్టూ మూగారు.

"మల్ల ఏం చెట్టు తెచ్చినవ్ సాబ్?"

"నిజంగ జనానానే! జర అవతలికి జరుగుండ్రి!" అని దస్తగీర్ ఎంత మొత్తుకుంటే అంత నవ్వారు.

అంతలో పరదా సందులోంచి ఎర్రటి గులాబీ ఒక్కటి బయటికి వచ్చింది. "లలితక్కా, సుందరమ్మా, అన్నలారా, మీ మేలు మరువ," అంది లోపలి గొంతు.

హమాలీలు చప్పున మొహాలు పక్కకు తిప్పుకున్నారు. వైకుంఠం బెల్లం తూకం మీదినుంచి తలెత్తకుండానే అన్నాడు. "సుందరమ్మ చెయ్యి పడ్డదంటే మామూలా? మొన్న బతికింది, ఇయ్యాల మాట్లాడుతున్నది."