చౌక్‌లో వన్‌వే వర్ధిల్లాలి!

మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే సకల అనర్థాలకూ మూలం! కాదంటారా? అయితే మీరు మా ఊరి చౌక్‌లో ఆదివారం గడపలేదన్నమాట.

ఏనాటి స్పెయిన్ దొరలో తాడు పట్టి, చదరంగం బల్ల గీసినట్టు మా వీధులు గీశారు. నడిమధ్య ఒక్క గడి ఖాళీగా వదిలారు. అదే చౌక్. ఆదివారం సాయంత్రం బ్యాండు మొదలవగానే ఆడవాళ్లు ఒకవైపుగా, మగవాళ్లు దానికి ఎదురువైపుగా చుట్టూ తిరుగుతారు. ఎదురుపడినప్పుడు మగవాడు పువ్వు ఇస్తాడు. మళ్లీ ఎదురయ్యేసరికి అది ఆమె చేతిలోనే ఉంటే, అతను వెనుదిరిగి ఆమె పక్కన నడవొచ్చు. ఊళ్లో సగం పెళ్లిళ్లు ఇలాగే కుదిరాయి. మిగతా గొడవల మూలం కూడా ఇదేనని వేరే చెప్పాలా?

చివరికి మున్సిపాలిటీ వారు కరుణించారు. చౌక్ చుట్టూ కమానుల కింద ఉండే కాఫీ హోటళ్ల బల్లలు చౌక్‌లోకి దిగాయి. నడవడానికి సన్నటి సందే మిగిలింది. భుజాలు రాసుకోకుండా అందరూ ఒకేవైపు తిరగాలని బోర్డు పెట్టారు. కార్లకున్న గౌరవం కాళ్లకూ దక్కింది!

ఎన్ని లాభాలు! అత్తగారు ముందు, కోడలు వెనక. ఎన్ని చుట్లు తిరిగినా మాటపట్టింపు లేదు. ఓడిన కౌన్సిలరుకు గెలిచిన కౌన్సిలరు వెన్ను ఎదురుగా కనిపిస్తోంది. రాజకీయాల్లో ఇంతకన్నా ఏం కావాలి? మా పక్కింటి సెలెస్తీనో అయితే చొక్కాకు వీపున మాత్రమే ఇస్త్రీ చేయించుకుంటున్నాడు.

నేనూ సుఖపడ్డాను. దోన్యా ఎర్లిండా గారి సిగముడి ఎంత పొందికో ఈ వన్‌వే పుణ్యమా అని తెలిసింది. ఆవిడకు భర్త లేడు, నాకు భార్య లేదు. మొన్నమొన్నటి దాకా ఎదురుపడి నవ్వుకునేవాళ్లం. నేను ధైర్యం చేసి పువ్వు కొన్న వారమే బోర్డు వెలిసింది. వెనక నుంచి చెయ్యి చాస్తే జేబుదొంగ అనుకోరూ? సరే, దాటిపోదామని అడుగు వేగం పెంచాను. పోలీసు ఈల వేశాడు.

"పెద్దాయనా! ఓవర్‌టేక్ చెయ్యకూడదు!"

హోటల్ ఓనరు దోన్ ఫెర్మీన్ జాలిపడ్డాడు. "ముఖమేగా చూడాలి దోన్ హసింతో? ఇలా కుర్చీలో కూర్చో. కాఫీ తాగుతూ ఉండు, ఊళ్లో ముఖాలన్నీ నీ ముందుకే వస్తాయి."

ఏం ఐడియా! నిన్న కూర్చున్నాను. కాఫీ వచ్చింది, ఎర్లిండా గారూ వచ్చారు. పువ్వు పట్టుకుని చెయ్యి చాచాను.

ఆవిడ పువ్వు వంకా, కప్పు వంకా చూశారు. "కూర్చుని ఇస్తారేంటండీ, వెయిటర్ని పిలిచినట్టు? మా అమ్మకి మా నాన్న ఎదురొచ్చి ఇచ్చాడు. మీరూ ఎదురు రండి, పుచ్చుకుంటాను."

వెనక నుంచి జనం తోశారు. ఆవిడ వెళ్లిపోయారు.

మున్సిపల్ ఇంజనీరు గారూ, మీ వన్‌వే దివ్యంగా ఉంది. కానీ ఆవిడ ఎదురు రమ్మన్నారండీ! ఏ దారిన రానూ? దయచేసి ఆ బల్లలు మళ్లీ కమానుల కిందికి నెట్టించండి. వచ్చే ఆదివారం లోపే చేయించండి. నాకు డెబ్బై దాటాయి.