పరాయివాళ్లలో పడ్డ వీరభద్రం

ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో పాలకొల్లు మొత్తంలో ఎవరైనా నా తరవాతే, ఆవగింజంత కూడా కలపను గనుక నమ్మండి: మా వీధిలో గుత్తుల వీరభద్రాన్ని, పిల్లల ఫోన్లకీ టాబ్‌లకీ కాపలా కాసే పేరెంటల్ కంట్రోల్ కంపెనీవాళ్లు సొంత కూతురికి కనబడకుండా ఆపేశారు.

తప్పు వాళ్లది కాదు. పదేళ్ల మోక్షిత టాబ్‌కి అతుక్కుపోతోందని ఆ కంట్రోల్ పెట్టించింది వీరభద్రమే. ఆటలు ఆపాడు, వీడియోలు ఆపాడు. నెలకి అరగంటైనా పిల్లతో మాట్లాడనివాళ్లంతా పరాయివాళ్లే, పిల్లకి కనబడకూడదన్న చోట కూడా టిక్కు పెట్టాడు. ఇంత గట్టి తండ్రి ఇంకెక్కడ దొరుకుతాడని భార్య దేవితో అన్నాడు కూడాను. నెల తిరిగేసరికి వాళ్లు లెక్క చూశారు. ఆటో ఏసుబాబు నెగ్గాడు, ఇస్త్రీ బండి నూకాలమ్మ నెగ్గింది. రొయ్యల మేత బేరాల ఫోన్లతోనే పొద్దుపోయే వీరభద్రం నెగ్గలేదు.

ఆ రోజునుంచి అతను ఎక్కడుంటే అక్కడ పిల్లకి ఒక బూడిదరంగు పలక కనిపిస్తుంది. మాట వినబడదు. బుద్ధిమంతురాలు గనుక పలకకి తగలకుండా పక్కనుంచి వెళుతుంది.

"అమ్మా, పలక దగ్గర చారు అయిపోయినట్టుంది చూడు," అంటుంది భోజనాలప్పుడు.

వీరభద్రం కంపెనీకి ఫోన్ చేశాడు.

"నేను దాని కన్నతండ్రినండి."

"నిబంధన పెట్టింది కూడా తమరేనండి. క్లాసులో పాప పక్కన కూర్చునే అమ్మాయి పేరు చెప్పండి, తీసేస్తాం."

"హాసిని."

"ఆ అమ్మాయి నిరుడే భీమవరం వెళ్లిపోయిందండి. పోనీ, పాపకి పడని కూర?"

"బెండకాయ."

పక్కనుంచి వింటున్న దేవి తల పట్టుకుంది. "అది పడనిది మీకు."

"పాపతో ఓ అరగంట మాట్లాడండి, దానంతటదే తెరుచుకుంటుంది," అన్నాడు ఫోన్లో మనిషి. వినబడనివాడు ఎలా మాట్లాడాలో చెప్పడానికి వేరే విభాగం ఉందట. అసలు కంట్రోలే పీకేద్దామంటే, తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్ల ఎదుట కనబడి ఒప్పుకోవాలట.

పోనీ నువ్వు చెప్పవే అంటే దేవి ఒప్పుకోలేదు. "మీ మాట దానికీ, దాని మాట మీకూ ఇన్నేళ్లూ మోశాను. ఇంక నావల్ల కాదు."

చివరికి ఏసుబాబుని బతిమాలుకున్నాడు. "బళ్లో దింపేటప్పుడు టిఫిన్ తిన్నావా అని అడుగు. నేనడిగానని చెప్పు."

సాయంత్రం ఏసుబాబు గేటు దగ్గర ఆటో ఆపాడు. "తిన్నానందండి. మా నాన్న తిన్నాడా అని అడిగిందండి."

వీరభద్రం కండువాతో మొహం తుడుచుకున్నాడు. అప్పట్నించీ ఆటో వేళకి గేటు దగ్గర నిలబడుతున్నాడు. అలవాటైపోయింది. ఇప్పుడు మా వీధిలో చాలా ఇళ్లలో పలకలున్నాయి. అందరి కబుర్లూ ఏసుబాబే మోస్తాడు.

ఆవగింజంత కూడా కలపనన్నాను కదూ. గుమ్మడికాయంత కలిపాను లెండి. పలక నిజం, ఫోను నిజం, బెండకాయ నిజం. పిల్ల తండ్రిని తలుచుకుందన్నది మాత్రం నా సొంత కల్పన. అది అడిగింది ఏసుబాబుని.

"తిన్నాను మావయ్యా. నువ్వు తిన్నావా?"