ఆకలిని రద్దు చేసిన పంపు

ఆకలి ఒక దురలవాటు. చెప్పేవాడు లేక ఇన్నాళ్లూ పూటపూటకీ తిని చెడిపోయాం!

నమ్మరా? ఒక్కసారి ఐసీయూకి వెళ్లి చూడండి. అక్కడ మా అన్న తొమ్మిది రోజులుగా స్పృహ లేకుండా పడున్నాడు. ముక్కులో గొట్టం, గొట్టానికి పంపు, పంపు పైన పాలలాంటిదేదో నింపిన సంచి. చుక్క, చుక్క, చుక్క. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. ఇరవై నాలుగ్గంటలూ భోజనమే! పూర్వం రాజులకైనా దక్కిందా ఈ భోగం?

మన ఒంట్లో హార్మోన్లని కొందరు ఉద్యోగులున్నారు. కడుపు ఖాళీ అయితే ఆకలి గంట కొట్టేవాడు ఒకడు. తిండి పడగానే షుగర్‌ని సర్దిపెట్టే ఇన్సులిన్ ఒకడు. ‘ఇక చాలు’ అని చెయ్యి అడ్డం పెట్టేవాడు మరొకడు. పనుంటే లేస్తారు, లేకపోతే కునుకు తీస్తారు. ఎంత సోమరితనం! పంపు వచ్చి వీళ్ల ఆట కట్టించింది. గంట కొట్టేవాడికి పని లేదు. సర్దేవాడికి సెలవు లేదు. క్రమశిక్షణంటే అదీ!

ఇంతటి ప్రగతికి అడ్డుపడిందెవరు? మా వదిన. ముప్పై ఏళ్లుగా బస్సు డిపో క్యాంటీన్లో వంటమనిషి. డ్రైవర్లకూ మెకానిక్కులకూ వేళకు పెట్టి పెట్టి ఆమె బుర్ర పాడైపోయింది.

“ఇదేంటి డాక్టరుగారూ, కుళాయి కింద బిందె పెట్టినట్టు!” అని రౌండ్స్‌కొచ్చిన కుర్ర డాక్టరును పట్టుకుంది. “మనిషన్నాక కాసేపు తినాలి, కాసేపు అరగాలి. ఆయన షుగర్ చూడండి, ఎక్కిన కొండ దిగట్లేదు. పూటపూటకీ పెట్టి చూడకూడదూ?”

డాక్టరు ఇంకా కొత్తవాడు, అందుకని నిజం చెప్పేశాడు. “పెట్టొచ్చమ్మా. సిరంజితో, రోజుకి ఆరుసార్లు. అలా పెడితే హార్మోన్లు మామూలు మనిషికిలాగే ఎక్కి దిగుతాయని కొందరంటారు. ఏది మేలో ఇంకా గట్టిగా తేలలేదు. మీ ఆయనకి వాంతులు లేవు కాబట్టి ప్రయత్నించొచ్చు.”

“మరింకేం, పెట్టండి!”

“అది సిస్టర్‌గారికి కుదరాలి.”

విన్నారా? మా అన్న ఇన్సులిన్ ఎప్పుడెక్కాలో, ఎప్పుడు దిగాలో నిర్ణయించే గ్రంథి ఒంట్లో లేదు, డ్యూటీ చార్టులో ఉంది!

సిస్టర్ వచ్చింది. వచ్చిందనడం కన్నా, పరుగెడుతూ ఆగిందనాలి. ఒక చేతిలో సెలైన్ బాటిలు, రెండో చేతిలో ఎవరిదో మూత్రం సంచి.

“ఆరు మంచాలకి నేనొక్కదాన్నేనమ్మా. సిరంజితో అంటే ప్రతిసారీ తల ఎత్తులో ఉందా, గొట్టం ఉండాల్సిన చోటే ఉందా చూసుకుని, పావుగంట పక్కనే నిలబడి పొయ్యాలి. తొందరపడ్డామా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పంపైతే మీట నొక్కి పోతాను. తేడా వస్తే అదే అరుస్తుంది.”

“నాకు నేర్పు, నేను పోస్తా.”

“రూలు ఒప్పుకోదు. నా ఉద్యోగం పోతుంది.”

వదిన ఇంకా నాలుగు దులిపేదే. కానీ ఆ పిల్ల ముఖంలోకి చూసి ఆగిపోయింది. క్యాంటీన్ మనిషి కదా, ఆకలి మొహాల్ని దూరం నుంచే పోల్చుకుంటుంది.

“ఎప్పుడు తిన్నావే?”

“పొద్దున... టీ తాగానమ్మా.”

గోడ గడియారంలో మూడున్నర. వదిన ఆ పిల్ల చేతుల్లోవి పక్కన పెట్టించి వరండాలోకి లాక్కెళ్లింది. చేతులు కడిగించి, తన డబ్బా మూత తీసింది. “ముందు నాలుగు ముద్దలు తిను. నాతో పోట్లాడ్డానికైనా ఓపిక కావాలి కదా!”

రెండో ముద్ద నోట్లో ఉండగానే లోపల ఏదో పంపు అరిచింది. నమలకుండానే మింగి పరుగెత్తింది.

ఇంకో నర్సును పెట్టమని అడగడానికి నేనేమన్నా ప్రగతి వ్యతిరేకినా? మర్నాడు యాజమాన్యానికి అర్జీ రాశాను: అయ్యా, ఆ పిల్ల ముక్కుకీ ఒక గొట్టం వేయించండి. నడుముకో పంపు కట్టించండి. పరుగెడుతూనే తింటుంది, తింటూనే పరుగెడుతుంది. ఆకలి గంట కొట్టేవాడి పీడ మీ ఆస్పత్రిలో రోగులకీ, నర్సులకీ రెండు వైపులా వదులుతుంది.

అర్జీ ఇద్దామని ఒంటిగంటకు ఆఫీసుకెళ్లాను. తలుపు మూసుంది. బయట కూర్చున్న బంట్రోతు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

“వేళాపాళా ఉండక్కర్లేదా సారూ? అయ్యగారు భోంచేస్తున్నారు!”