భీమశంకరం గారి ‘ఆఁ’

భీమశంకరంలో భీముడు పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా లేడు. మనిషి బక్కపలచన, గొంతు మెత్తన. ఇర్వింగ్ ఊళ్ళో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళంతా చాటుగా ‘ఆఁశంకరం’ అంటారు. పెళ్ళయిన కొత్తలో కనిపెట్టిన ఆ ఒక్క అక్షరంతోనే ఆయన ఇన్నేళ్ళ సంసారం లాక్కొచ్చాడు.

ఎలాగంటే, భార్య కృష్ణవేణి వంటింట్లోంచి ఏదో అడుగుతుంది. ఈయన లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా ‘ఆఁ’ అంటాడు. ఆ మాట పైకి లేపితే ‘ఏమిటీ’ అని, కిందికి దించితే ‘సరే’ అని కదా మన వాడుక. భీమశంకరం లేపడు, దించడు, నడిమధ్యలో వదిలేస్తాడు. పని చెయ్యకపోతే వినపడలేదనొచ్చు, చేస్తే అప్పుడే సరే అన్నాననొచ్చు.

“ఏమండీ, నాకు హైవే మీద డ్రైవింగ్ నేర్పండి. ఎన్నాళ్ళిలా సందుల్లో తిరగను?”

“ఆఁ.”

ఆ మాట అడిగి నాలుగేళ్ళయింది. కృష్ణవేణి ఇప్పటికీ ఇండియన్ గ్రోసరీకి కనిపించిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ వెళ్ళొస్తోంది.

ఇలా ఉండగా 2008 చివర్లో ఆఫీసులో రాజ్ అనే కుర్రాడు ఆయన చెవిలో ఒక మాట వేశాడు. “అన్నా, ఎఫ్.ఎస్.ఏ.ల పైసలు పెట్టు. జీతంలకెళ్ళి ట్యాక్స్ లేకుండ పక్కకు తీస్తరు. డాక్టరుకి, మందులకి వాడుకోవచ్చు. ఎంత పెడితే అంత లాభం.”

లాభమన్న మాట భీమశంకరానికి ఎప్పుడూ స్పష్టంగానే వినపడుతుంది. ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు.

“మనకు అంత జబ్బులేం ఉన్నాయండీ? కొంచెమే పెట్టండి. ఖర్చు కాకపోతే ఏడాది చివర పోతుందట కదా.”

“ఆఁ,” అని, పెట్టగలిగినంతా పెట్టేశాడు.

మరుసటి డిసెంబరు రానే వచ్చింది. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరికీ జలుబు కూడా గట్టిగా చెయ్యలేదు. ఖాతాలో వెయ్యి డాలర్లు పైనే మిగిలాయి. ముప్పై ఒకటో తారీఖు దాటితే అవి గోవిందా. డబ్బు పోతే పోయింది, ‘నేను ముందే చెప్పాను’ అన్న మాట కృష్ణవేణి నోట ఏడాది పొడుగునా వినాలి. దానికి ఏ ‘ఆఁ’ పనిచెయ్యదు.

అందుకని చెప్పాపెట్టకుండా మందుల షాపు మీద పడ్డాడు. మూడు థర్మామీటర్లు, మోకాళ్ళకు పట్టీలు, వీపుకి కాపడం పెట్టే ప్యాడ్, తలనొప్పి మాత్రలు, డబ్బాల కొద్దీ బ్యాండ్‌ఎయిడ్లు కొన్నాడు. ఇంట్లో ఎవరికీ కాంటాక్ట్ లెన్సులు లేకపోయినా వాటిని కడిగే నీళ్ళు సీసాలు సీసాలు తెచ్చాడు. బీపీ మిషన్ కూడా కొని, బిల్లు చేతిలో పట్టుకుని బీపీ చూసుకున్నాడు. అది బాగానే పనిచేస్తోంది.

పదేళ్ళ కూతురు అనిక ఆ సామానంతా పేర్చిన గరాజ్‌లోకి తొంగి చూసింది. “నాన్నా, వార్ వస్తుందా?”

ఆ వెనకే కృష్ణవేణి వచ్చింది. సీసాలను చూసింది, మొగుడిని చూసింది. “ఇంకా ఎంత మిగిలింది?” అంది.

“ఆఁ?”

“అదే. అందుకే మీకు చెవుల టెస్టు బుక్ చేశాను. చెవిలో పెట్టుకునే మిషన్ కూడా ఎఫ్.ఎస్.ఏ.లో వస్తుందట. సోమవారం పదింటికి.”

భీమశంకరం ఇరకాటంలో పడ్డాడు. చెవులు బాగున్నాయని తేలితే ఇన్నేళ్ళ గుట్టు బయటపడుతుంది. బాగాలేవని తేలితే రెండు చెవులకూ మిషన్లు తగిలిస్తారు, ఇక కృష్ణవేణి గొంతు నేరుగా లోపలే మోగుతుంది. రెండు రాత్రులు ఆలోచించి ఉపాయం తేల్చుకున్నాడు. పెద్ద చప్పుళ్ళు వినపడాలి, చిన్నవి వినపడకూడదు. అంటే కొంచెం చెవుడు. మిషన్ అక్కర్లేదు, పరువుకు ఢోకా లేదు.

సోమవారం తెల్లజుట్టు డాక్టరమ్మ ఆయన్ని గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి, బీప్ వినపడినప్పుడల్లా నొక్కమంది. తలుపు బిగించాక కిటికీ అవతల ఆవిడ పక్కనే కృష్ణవేణి కూర్చుంది.

మొదట పెద్ద బీప్ వచ్చింది. నొక్కాడు. తర్వాత కాస్త చిన్నది వచ్చింది. భీమశంకరం బటన్ మీంచి వేలు తీసేసి, ఏమీ ఎరగనివాడిలా పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. ఇంకా చిన్నది, ఆపైన దోమ రెక్క ఆడించినంతది వచ్చాయి. వేటికీ వేలు కదపలేదు. తనకింత నిగ్రహం ఉందని తనకే తెలియదు.

పరీక్ష అయ్యేసరికి డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. కృష్ణవేణి మొహం చూస్తే మాత్రం ఏదో తేడాగా అనిపించింది.

“మిస్టర్ భీమా, మీరు బటన్ ఒక్కసారే నొక్కారు,” అంది డాక్టరమ్మ. “కానీ బీప్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకే మాట అన్నారు. లోపల మైక్ ఉంది, మాకు వినపడింది. బీప్ లేనప్పుడు ఒక్కసారి కూడా అనలేదు. ఏమిటా మాట?”

భీమశంకరానికి తను ఏమన్నాడో గుర్తులేదు. కృష్ణవేణికి మాత్రం అడగకుండానే తెలుసు.

“ఆఁ అన్నారు,” అంది. “మా భాషలో దానికి రెండర్థాలు డాక్టర్. ఒకటి ‘ఏమిటీ’ అని, రెండోది ‘సరే’ అని.”

“ఏదైతేనేం, విన్నట్టే కదా. ఈ వయసులో ఇంత మంచి చెవులు నేను అరుదుగా చూస్తాను. మిషన్ అవసరమే లేదు.”

కారులో తిరిగి వస్తూ, ఇంటి మలుపు దగ్గర కృష్ణవేణి అంది.

“అయితే మార్చిలో నా పన్ను సంగతి చెప్పినప్పుడూ వినపడిందన్నమాట.”

వినపడింది. పన్ను పగిలింది, తొడుగు వెయ్యాలట, ఇన్సూరెన్సు సగమే ఇస్తుందట, చేయించుకోనా అని అడిగింది. అప్పుడు లాప్‌టాప్‌లో ఆఖరి ఓవర్లు నడుస్తున్నాయి. ఆఁ అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అప్పట్నుంచి ఎడమపక్కనే నములుతోందని గమనించాడు కూడా. తన పర్సులోనే ఉన్న ఎఫ్.ఎస్.ఏ. కార్డుకూ ఆ పన్నుకూ సంబంధం ఉందన్న సంగతి, బీపీ మిషన్ కొన్న రోజున కూడా ఆయనకు తట్టలేదు.

“విన్నాను,” అన్నాడు.

“చెవుడైతే కోపం రాదు కదండీ. అందుకే చెవుడే అయ్యుండాలని మొక్కుకున్నాను.”

భీమశంకరానికి ఒళ్ళంతా సిగ్గేసింది. దాని కన్నా ఎక్కువగా బాధేసింది. కారు అక్కడే పక్కకు ఆపి డెంటిస్టుకి ఫోన్ చేశాడు. అపాయింట్‌మెంట్లు లేవన్నారు. ఆయన ఆ మెత్తని గొంతుతోనే బతిమాలాడు, ఎవరైనా క్యాన్సిల్ చేసుకుంటే పిలవమన్నాడు, పిలవకపోయినా గంటకోసారి తనే చేశాడు. చివరికి ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం ఖాళీ దొరికింది. మిగిలిన డబ్బంతా దాదాపుగా ఆ పన్నుకే సరిపోయింది.

మత్తు సూదితో సగం నోరు మొద్దుబారిన కృష్ణవేణిని చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. దారిలో ఆమె ఆయన వైపు తిరిగి ఏదో అడిగింది. “హవ్వే వీద... నే’ఫుతాలా?” అన్నట్టు వినపడింది.

“ఆఁ?” అన్నాడు. ఈసారి నిజంగానే అర్థం కాక.

ఆమె వంకరమూతితో నవ్వింది.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, “రేపు రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఎనిమిదింటికి బయలుదేరదాం,” అంది.

“ఎక్కడికి?”

“హైవే మీదికి. నేర్పుతానని నిన్న ఒప్పుకున్నారుగా.”

“నేనా? ఆ మాటలేవీ నాకు అర్థం కాలేదు వేణీ, ఒట్టు.”

“వినపడిందా లేదా?”

భీమశంకరం కాఫీ తాగాడు. ఆ చెవులకు డాక్టరు సాక్ష్యం ఉంది.

కొత్త సంవత్సరం రోజున కృష్ణవేణి స్టీరింగ్ పట్టుకుంది. భీమశంకరం పక్క సీట్లో పైన పట్టుకునే పిడికి వేలాడుతూ కూర్చున్నాడు. కారు 114వ నంబరు హైవే ఎక్కింది. హైవే దిగే ఎగ్జిట్ దగ్గర పడుతుండగా ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“కుడి లేన్ ఖాళీయేనా అండీ?”

“ఆఁ,” అనబోయాడు. పక్క అద్దంలో ట్రక్కు కనిపించింది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ అక్షరాన్ని మింగేశాడు. అది ‘ఏమిటీ’ అయినా ప్రమాదమే, ‘సరే’ అయితే మరీ ప్రమాదం.

“ఖాళీ లేదు వేణీ. వెనక పెద్ద ట్రక్కు వస్తోంది. వెళ్ళనీ. ఇంకా ఆగు. ఆ, ఇప్పుడు తిప్పు, మెల్లగా, బాగా తిప్పావు.”

పెళ్ళయ్యాక ఆమె ఒక్క ప్రశ్నకు ఆయన ఇచ్చిన అతి పెద్ద జవాబు అదే. కారు క్షేమంగా ఎగ్జిట్ దిగి సిగ్నల్ దగ్గర ఆగింది. కృష్ణవేణి కొత్త తొడుగు పన్ను కనిపించేలా నవ్వింది.

“ఇంటికెళ్ళాక కూడా నా పక్కన ఇలాగే కూర్చోండి,” అంది.